చెక్కు ఎవరిది, చప్పట్లు ఎవరికి? – గోదావరి డెల్టాలో 'సేవ' చరిత్ర

(పేట చరిత్రలు – 17వ భాగం)



పోయిన భాగంలో చెప్పిన ప్రకారం ఈ వారం లంక భూముల గురించి రాయాలి. దాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. కారణం ఒక ఫోను.

మా పేట పిల్ల. రాజమండ్రిలో డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న రాత్రి తొమ్మిది దాటాక చేసింది. "బాబాయ్, ఒక సేవా క్లబ్బు వాళ్లు పదివేలు ఇస్తారంట. వచ్చే ఆదివారం హోటల్లో మీటింగు. స్టేజీ ఎక్కి చెక్కు తీసుకోవాలంట. ఎల్లమంటావా, మానెయ్యమంటావా?" అంది.

"మానెయ్యడం ఎందుకు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. ఫ్లెక్సీ నమూనా. పైన పెద్దక్షరాలతో 'నిరుపేద దళిత విద్యార్థినులకు చేయూత'. కింద క్లబ్బు పెద్దల ఫొటోలు పదకొండు. వాటి కింద 'లబ్ధిదారులు' అని ఎనిమిది మంది ఆడపిల్లల పేర్లు, కాలేజీల పేర్లతో సహా. అదే ఫ్లెక్సీలో కుడిపక్కన, ఆఫ్రికాలో ఒక ఊరికి మంచినీటి బోరు వేయించడానికి క్లబ్బు ఇస్తున్న విరాళం సంగతి. అక్కడ కూడా ఒక చిన్నపిల్ల ఫొటో, చేతిలో ఖాళీ బిందె.

"నేనేంటో మా క్లాసులో ఎవరికీ తెలీదు బాబాయ్. ఈ ఫొటో పేపర్లో పడితే అందరికీ తెలిసిపోద్ది. కానీ ఫీజు కట్టకపోతే పరీక్షకి కూర్చోనివ్వమంటున్నారు" అంది.

రెండు రోజులు టైమివ్వమన్నాను. ఆ పిల్లకి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఈ ప్రశ్నకి వెనకాల దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర చెప్పకుండా సలహా ఇవ్వడం అన్యాయం అనిపించింది. అందుకే ఈ భాగం. ఆ పిల్ల కూడా చదువుతుంది. పేరు రాయను.

ముందు నా సంగతి ఒకటి చెప్పి మొదలెడతాను. 1986 ఆగస్టు వరద మీ ఇళ్లలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా పేట ఏటిగట్టుకి లోపలివైపు ఉంది. ఇళ్లు మట్టిగోడలతో సహా కరిగిపోయాయి. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. నా పుస్తకాలన్నీ పోయాయి. నెల తర్వాత టౌన్నుంచి ఒక సేవాసంఘం వాళ్లు మా బడికొచ్చి నోటుపుస్తకాలు పంచారు. మంచి పుస్తకాలు. పేట పిల్లల్ని విడిగా లైన్లో నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు రావడం ఆలస్యమైంది. ఇచ్చిన పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు. ఫొటోగ్రాఫరు వచ్చాక మళ్లీ ఇచ్చారు. రెండోసారి చెయ్యి చాపినప్పుడు నా చెయ్యి ఎందుకు వణికిందో అప్పుడు నాకు తెలియలేదు. ఆ పుస్తకాల్లోనే లెక్కలు నేర్చుకున్నాను. పది పాసయ్యాను. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచను.

డెల్టా చెయ్యి పెద్దది

గోదావరి జిల్లాలవాళ్లకి పెట్టే చెయ్యి అని పేరు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు తెలియనివాళ్లు ఇక్కడ లేరు. ఆవిడ 1909లో పోయారు. ఇప్పటికీ ఆవిడ పేరు మీద అన్నదానాలు జరుగుతూనే ఉన్నాయి. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టిన మనిషిని నేను తక్కువ చేసి మాట్లాడను.

నేను అడిగేది ఇంకో ప్రశ్న. ఆ బియ్యం ఎక్కడివి? 1832–33 నందన కరువులో ఈ జిల్లా చచ్చి బతికింది. ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలొచ్చాయి. మెట్ట మాగాణి అయింది. పంట పెరిగింది, భూమి ధర పెరిగింది, బియ్యం ఓడలెక్కింది. ఆ కాలవల మట్టి మోసినవాళ్లలో, ఆ మడిలో ఊడ్చినవాళ్లలో, కళ్లంలో నూర్చినవాళ్లలో మాల మాదిగలు ఎంతమందో లెక్క రాసి పెట్టినవాడు లేడు. భూమి మాత్రం వాళ్ల పేరు మీదకి రాలేదు. కాటన్ విగ్రహం ఊరూరా ఉంది. మట్టితట్ట మోసిన మా ముత్తవ్వ విగ్రహం ఎక్కడా లేదు.

మిగులు ఒకరి దగ్గర పోగుపడితేనే దానం పుడుతుంది. మన డెల్టాలో ఆ మిగులు ఎలా పోగుపడిందో తెలియకపోతే దానం చేసేవాడు ఆకాశం నుంచి దిగొచ్చినట్టు కనిపిస్తాడు.

మనమే ఒకప్పుడు విదేశీ సాయం ప్రాజెక్టులం

ఆ ఫ్లెక్సీ మీద ఆఫ్రికా పిల్ల ఫొటో చూసినప్పుడు నాకు మా తాతల కాలం గుర్తొచ్చింది.

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు మన తీరానికొచ్చారు. నరసాపురం, పాలకొల్లు వైపు గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. 1845లో జర్మనీ నుంచి వాలెట్ రాజమండ్రి వచ్చాడు. తర్వాత అది అమెరికా లూథరన్ల చేతికి వెళ్లింది. 1869లో ఆ మిషన్ని నిలబెట్టడానికి ఫాదర్ హేయర్ ముసలితనంలో, డెబ్బై ఆరేళ్ల వయసులో, సముద్రం దాటి మళ్లీ వచ్చాడు. 1874లో కెనడా బాప్టిస్టు మెక్లారిన్ కాకినాడలో దిగాడు.

ఈ మిషన్లకి డబ్బు ఎక్కడిది? ఇంగ్లండులో, అమెరికాలో, కెనడాలో చిన్నచిన్న చర్చీల చందాలు. అక్కడి ఆడవాళ్ల సంఘాలు, ఆదివారం బడి పిల్లలు వేసిన చిల్లర. ఆ చందా రావాలంటే ఇక్కణ్ణుంచి ఉత్తరాలు వెళ్లాలి, ఫొటోలు వెళ్లాలి. చొక్కా లేని మాలపల్లె పిల్లాడి బొమ్మ వాళ్ల పత్రికల్లో పడాలి. అంటే నూట యాభై ఏళ్ల కింద ఖాళీ బిందె పట్టుకున్న ఆ పిల్ల మనమే.

అయితే ఆ చందాతో మనకి అక్షరం వచ్చింది. ఊరి బడిలో అరుగు కూడా ఎక్కనివ్వని రోజుల్లో మిషన్ బడిలో పలక పట్టుకున్నాం. ఆసుపత్రిలో నాడి పట్టుకుని చూసిన మొదటి చేతులు వాళ్లవే. రామచంద్రపురంలో కుష్ఠురోగుల ఆశ్రమం పెట్టింది కెనడా మిషన్ వాళ్లే. ఈ మేలుని కాదనేవాడు చరిత్ర రాయకూడదు.

ఇందులో ఒక మనిషిని మాత్రం మనం మర్చిపోయాం. థామస్ గాబ్రియేల్. తెలుగువాడు. టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం. ఆ ఉద్యోగం వదులుకుని కాకినాడలో మిషన్ పని తనే మొదలెట్టాడు, అప్పులపాలయ్యాడు. కెనడావాళ్లని రమ్మని పిలిచింది ఆయనే. వాళ్లు రాకముందే ఇక్కడ పని ఉంది, మనుషులున్నారు. కానీ కథ చెప్పేటప్పుడు ఓడ దిగినరోజు నుంచి మొదలెడతారు. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తే చరిత్ర అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

క్లబ్బు అనే వింత వస్తువు

సేవా క్లబ్బు అనేది మన దేశపు సరుకు కాదు. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలో షికాగో నగరంలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి రోటరీ పెట్టాడు. ఒక వారం ఒకరి ఆఫీసులో, ఇంకో వారం ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కాబట్టి ఆ పేరు. 1917లో అదే షికాగోలో మెల్విన్ జోన్స్ లయన్స్‌కి రూపమిచ్చాడు. రోటరీ 1920 నాటికే కలకత్తా చేరింది. లయన్స్ 1956లో బొంబాయిలో మొదలైంది. ఇవాళ రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం ఎక్కడికెళ్లినా ఊరి మొదట్లో వాళ్ల బోర్డు కనిపిస్తుంది.

రోటరీ మొదట్లో దశాబ్దాలపాటు ఒక పద్ధతి పాటించింది. ఒక్కో వృత్తి నుంచి ఒక్కో సభ్యుడు. ఒక డాక్టరు, ఒక లాయరు, ఒక మిల్లు యజమాని, ఒక బ్యాంకు మేనేజరు. వ్యాపారానికి యజమాని, భాగస్తుడు, మేనేజరు అయిన వాడికే అప్పట్లో సభ్యత్వం ఉండేది. వినడానికి బాగానే ఉంది. కానీ పాలేరు ఏ గడిలో పడతాడు? ఊడ్పు కూలీ ఏ గడిలో పడుతుంది? చెప్పులు కుట్టేవాడిది వృత్తి కాదా? 'మాలాడు రాకూడదు' అని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. రాయాల్సిన అవసరమూ లేదు. భూమి, మిల్లు, పట్టా ఎవరి చేతుల్లో ఉన్నాయో ఆ కులాలే క్లబ్బులో కూర్చుంటాయి. ఆడవాళ్లని కూడా దశాబ్దాలపాటు రానివ్వలేదు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక గానీ రోటరీ తలుపు తెరుచుకోలేదు. కోర్టుకెక్కి తలుపు తీయించుకున్నారు ఆడవాళ్లు. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

మరి విదేశాలకి సాయం ఎలా వెళ్తుంది? రోటరీలో 'గ్లోబల్ గ్రాంట్' అని ఒక ఏర్పాటు ఉంది. పని జరిగే దేశంలో ఒక క్లబ్బు, బయటి దేశంలో ఇంకో క్లబ్బు జత కట్టాలి. పథకం కనీసం 30,000 డాలర్లది అయి ఉండాలి. రెండు వైపులా కొంత వేసుకుంటే మిగతాది రోటరీ ఫౌండేషన్ కలుపుతుంది. ఆ ఫౌండేషన్ 1917లో పుట్టింది, మొదటి చందా 26 డాలర్ల 50 సెంట్లు. ఇప్పుడు దానికి ఎక్కువ ఇచ్చే దేశాల్లో ఇండియా ముందు వరసలో ఉంది. ఇక్కడి డాక్టర్లు ఆఫ్రికా దేశాలకెళ్లి ఆపరేషన్లు చేసొస్తున్నారు. పుచ్చుకునే దేశం ఇచ్చే దేశమైంది.

ఇంకో మాట. 1985లో రోటరీ పోలియో మీద పని మొదలెట్టింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో. 2014లో దేశానికి పోలియో పోయిందని ప్రకటించారు. మా పేటలో కాలు ఈడ్చుకుంటూ నడిచే మా ఈడువాళ్లు నలుగురున్నారు. మా పిల్లల్లో ఒక్కరూ లేరు. చుక్కల మందు పేట, అగ్రహారం తేడా చూడలేదు. దానికి నేను చెయ్యెత్తి దండం పెడతాను.

ఎందుకు ఆ మందు విషయంలో మనకి సిగ్గు కలగలేదు? ఆలోచించండి. ఆ చుక్కలు అందరి పిల్లలకీ వేశారు. 'నిరుపేద దళిత శిశువులకు' అని ఫ్లెక్సీ కట్టలేదు.

1932లో జరిగిన వాదన

మన ప్రశ్నని మనకంటే ముందే అడిగిన మనిషి ఉన్నాడు.

1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం అయిన వారంలోనే బొంబాయిలో అస్పృశ్యతా నివారణ సంఘం పెట్టారు. అదే తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయింది. బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ కార్యదర్శి. బాబాసాహెబ్ మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్తూ, నవంబరు 14న ఓడలోంచి ఠక్కర్‌కి పెద్ద ఉత్తరం రాశారు. పిల్లలూ, ఆ ఉత్తరం మీరు తప్పకుండా చదవాలి. సారాంశం నా మాటల్లో చెప్తాను.

అణగారినవాళ్ల కోసం పనిచెయ్యడానికి రెండు దారులున్నాయన్నారు ఆయన. మనిషి వెనకబడింది తన లోపం వల్లే అనుకుంటే, ఆ మనిషిని బాగుచెయ్యడానికి బడులు, లైబ్రరీలు పెడతావు. ఆ మనిషి చుట్టూ ఉన్న పరిస్థితే తొక్కేస్తోంది అనుకుంటే, ఆ పరిస్థితితో తలపడతావు. ఊరి బావి దగ్గర, ఊరి బడిలో, చావడిలో హక్కు కోసం నిలబడతావు. మిల్లుల్లో అందరితో సమానంగా పని ఇప్పిస్తావు. కొద్దిమందికి చదువు చెప్పించడం మొదటి దారి. మొత్తం జనానికి నిలబడే చోటు చూపించడం రెండోది. సంఘం రెండోదారి పట్టాలని ఆయన కోరిక. పనిచేసేవాళ్లని కూడా ఆ కులాల్లోంచే తీసుకోమన్నారు.

ఆ ఉత్తరానికి జవాబే రాలేదని ఆయన 1945లో రాసుకున్నారు. సంఘం పాలకమండలిలో అంటరానివాళ్లకి చోటివ్వమని అడిగితే, ఇది సవర్ణ హిందువులు చేసుకునే ప్రాయశ్చిత్తం, కాబట్టి నడిపేది వాళ్లేనని గాంధీగారు సమాధానమిచ్చారు. అంటే మన పేరు మీద సంఘం, మన గురించి సభ. మనకి మాత్రం కుర్చీ లేదు.

ఇక్కడ ఒక కుర్రాడు నన్ను అడగొచ్చు. "బాబాసాహెబ్ చదివింది కూడా స్కాలర్‌షిప్పుతోనే కదా?" నిజమే. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన డబ్బుతోనే కొలంబియా వెళ్లారు. తీసుకోవడం తప్పని ఆయన ఏనాడూ అనలేదు. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1917లో ఒప్పందం ప్రకారం కొలువు చెయ్యడానికి బరోడా వచ్చారు. అంత చదువు చదివొచ్చిన మనిషికి ఆ ఊళ్లో అద్దెగది దొరకలేదు. పార్సీ సత్రంలో కులం చెప్పకుండా దిగితే, కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. స్కాలర్‌షిప్పు ఆ మనిషిని మార్చింది గానీ బరోడాని మార్చలేదు. 1932 ఉత్తరం అనుభవంలోంచి పుట్టింది.

మరి ఆయన చేసిందేమిటి? రెండు పనులు.

ఒకటి, 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. మన రాజమండ్రిలో వీరేశలింగం గారి సమాజానికి కూడా హితకారిణి అనే పేరు. కానీ బాబాసాహెబ్ సభలో ఒక తేడా ఉంది. అధ్యక్షుడు చిమన్‌లాల్ సెతల్వాడ్, పెద్దకులం పెద్దమనిషి. కార్యనిర్వాహక సంఘానికి అధ్యక్షుడు మాత్రం అంబేడ్కరే. పలుకుబడి, చందాలు ఎవరివైనా పగ్గాలు మన చేతిలో. 1925లో షోలాపూర్‌లో ఆ సభ హాస్టలు తెరిచింది.

రెండోది ఇంకా పెద్దది. 1942 అక్టోబరులో వైస్రాయికి వినతిపత్రం ఇచ్చారు. అలీగఢ్, బెనారస్ విశ్వవిద్యాలయాలకి ఏటా మూడేసి లక్షలు ఇస్తున్నారు కదా, మా పిల్లల పైచదువులకి, విదేశీ చదువులకి కూడా అంతే ఇవ్వండి అన్నారు. 1944 నుంచి ఏటా 3 లక్షలతో షెడ్యూల్డు కులాల విద్యార్థులకి ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఆ 1944 సెప్టెంబరులోనే ఆయన మద్రాసు రాష్ట్ర పర్యటనలో మన గోదావరి జిల్లాలకూ వచ్చారు. ఇవాళ మీ బ్యాంకు ఖాతాలో పడే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఆ చెట్టు కొమ్మే. దానికి ఎవరికీ దండం పెట్టక్కర్లేదు. స్టేజీ ఎక్కక్కర్లేదు. దానం హక్కుగా మారిన చోటు అది.

ఇప్పుడు మళ్లీ ఆ పిల్ల ఫోను దగ్గరికి రండి. ఆ పిల్లకి పదివేలు ఎందుకు అవసరమయ్యాయి? హక్కుగా రావాల్సిన ఫీజు సకాలంలో రాలేదు కాబట్టి. బకాయిలు పడ్డాయి, కాలేజీవాళ్లు పిల్లల మీద పడ్డారు. హక్కు ఆలస్యమైన ప్రతిసారీ దానం గుమ్మంలోకి వస్తుంది. క్లబ్బువాళ్లకి ఈ కుట్ర ఉందని నేననను. కానీ లెక్క అదే. బకాయి మీద మనం చేసే ధర్నాకి నలభై మంది రావడం లేదు, చెక్కు ఫంక్షన్‌కి హాలు నిండుతోంది.

మన సేవ లెక్క ఎవరు రాశారు?

ఇంతవరకూ ఇచ్చేవాళ్ల చరిత్ర చెప్పాను. మనం పుచ్చుకునేవాళ్లమే అనుకుంటే అది అబద్ధం.

1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే ఉపదేశకుడు భార్య కనకమ్మతో, పిల్లలతో ఓడెక్కి దక్షిణాఫ్రికా డర్బన్‌లో దిగాడు. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరుకుతోటలకి వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. అందులో మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే ఎక్కువ. మన కోస్తా జిల్లాల తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకి తోడుగా ఒక మనిషి కావాలి. రంగయ్యని పంపింది అమెరికావాళ్లు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ సంఘం. ఆ తెలుగు బాప్టిస్టులు ఎవరు? 1876–78 కరువు తర్వాత ఒంగోలు వైపు వేలకి వేలుగా చర్చిలో చేరినవాళ్లు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. పాతికేళ్లు తిరక్కుండా ఆ కూలిజనం చందా వేసుకుని సముద్రం అవతలికి మనిషిని పంపారు. ఆ డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం నిలబడింది. మీ క్లబ్బుల భాషలో చెప్పాలంటే అది విదేశీ సహాయ ప్రాజెక్టు. షికాగోలో రోటరీ పుట్టడానికి రెండేళ్ల ముందు.

మన వైపు ఇంకో సముద్రం ఉంది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కి. అక్కడ తెలుగు కూలీలందరినీ 'కోరంగీలు' అనే పిలిచేవారు. రంగూన్ ఓడరేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెల అల్లర్లలో దెబ్బలు తిన్నారు, చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక అడవుల్లో పడి నడిచొచ్చారు. మా అవ్వ ఇంట్లో ఒక రంగూన్ పెట్టె ఉండేది. ఆ పెట్టె తెచ్చిన మనిషి పంపిన డబ్బుతోనే మా ఇంట్లో మొదటి పలక కొన్నారని ఆవిడ చెప్పేది.

ఇప్పుడు కువైట్, మస్కట్, దుబాయ్. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి వెళ్లిన మన ఆడవాళ్లు. అరబ్బు ఇళ్లలో వంట చేసి, పిల్లల్ని ఎత్తుకుని, నెలనెలా పంపే డబ్బుతో ఇక్కడ ఎన్ని పేటల్లో పిల్లలు ఇంటర్, డిగ్రీ, నర్సింగ్ చదువుతున్నారో లెక్క తీయండి. డెల్టాలో దళిత పిల్లల చదువుకి పెద్ద విదేశీ దాతలు వాళ్లే. వాళ్ల ఫొటోతో ఒక్క ఫ్లెక్సీ మీరు చూశారా?

రాజమండ్రి గడ్డ మీదే కుసుమ ధర్మన్న గారున్నారు. వైద్యుడు, కవి, 'జయభేరి' పత్రిక నడిపినవాడు. తెల్లదొరతనం వద్దని దేశమంతా పాడుతుంటే, నల్లదొరతనం కూడా వద్దని 1921లోనే రాశాడు. బోయి భీమన్న గారు మామిడికుదురులో పుట్టి, 'పాలేరు' నాటకంలో పాలేరుని చదివించి అధికారిని చేశారు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన తండ్రులు ఉన్నారు. ఇదంతా సేవే. దీనికి క్లబ్బు లేదు, బ్యాడ్జీ లేదు.

మన నోటుబుక్కు కూడా తీయాలి

అందర్నీ అడిగి మనల్ని మనం అడక్కపోతే తప్పు. మా పేట అంబేడ్కర్ యువజన సంఘం ఏటా ఏప్రిల్ 14కి చందా పోగుచేసి నలుగురు పిల్లలకి ఫీజులు కడుతుంది. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంటుంది. ఈ భాగం రాయడానికి కూర్చుని దాన్ని మొదటినుంచీ తిరగేశాను.

అందులో ఒక్క మాదిగ పిల్ల పేరు లేదు.

మా పేటకీ మాదిగపేటకీ మధ్య ఒక పంటబోదె, అంతే. ఎవరూ వద్దనలేదు. రాయకూడదని తీర్మానమూ లేదు. అడగలేదు, తట్టలేదు. షికాగో క్లబ్బు నిబంధనల్లో పాలేరుకి గడి లేదని పైన ఎంత కోపంగా రాశానో మళ్లీ చదువుకున్నాను. నా నోటుబుక్కులో కూడా గడి లేదు. పైగా పోయినేడు మేం కట్టిన ఫ్లెక్సీలో పిల్లల ఫొటోలు చిన్నవి, మావి పెద్దవి. నాది కుడిచేతి చివర, నల్లకళ్లద్దాలతో.

ఈ సంగతి పోయిన ఆదివారం సంఘంలో పెట్టాను. గొడవైంది. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. చివరికి ఈ ఏడాది నాలుగు పేర్లలో రెండు బోదె అవతల నుంచి అని ఒప్పుకున్నారు. పేర్లు ఎంచే కమిటీలో అవతలి పేట నుంచి ఇద్దరు కూర్చుంటారు. ఫ్లెక్సీ లేదు. ఇది పెద్ద విప్లవమేం కాదు. ఆలస్యంగా చేసిన చిన్నపని.

ఆ పిల్లకి నేను చెప్పింది

నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చివరికి ఇలా అన్నాను:

"డబ్బు తీసుకోమ్మా. బాబాసాహెబ్ తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. తీసుకున్నందుకు తల దించుకోవద్దు. కానీ నీ కులం, నీ ఫొటో ఆ పదివేలకి ధర కాకూడదు. ఫ్లెక్సీలో మీ పేర్లు తీసెయ్యమని, డబ్బు ఖాతాలో వెయ్యమని ఎనిమిది మందీ కలిసి అడగండి. ఒక్కదానివే అడిగితే పొగరంటారు. ఎనిమిది మంది అడిగితే ఆలోచిస్తారు. ఇంకో మాట, బకాయి ఫీజుల మీద కలెక్టరుకి ఇచ్చే అర్జీ మీద ఆ క్లబ్బు పెద్దల్ని కూడా సంతకం పెట్టమని అడగండి. పెడితే వాళ్లు నిజంగా మీ పక్కన ఉన్నట్టు."

"పెట్టకపోతే?" అంది.

"అది కూడా తెలుస్తుంది కదా" అన్నాను.

ఈ పొద్దున్న మెసేజీ పెట్టింది. ఎనిమిది మందిలో ఐదుగురు ఉత్తరం మీద సంతకం పెట్టారట. ముగ్గురు భయపడ్డారు. వాళ్లని ఏమీ అనొద్దని చెప్పాను. ఫీజు కట్టలేని పిల్ల భయానికి మనం తీర్పు చెప్పకూడదు. క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేసి, పేర్లు తీసేస్తామని, 'దళిత' అనే మాట మాత్రం దాతలు అడిగారు కాబట్టి ఉంచాల్సి వస్తుందని అన్నారట. అర్జీ సంగతి మీటింగులో మాట్లాడతామన్నారట.

ఆ పిల్ల వెళ్తోంది. తనకి రెండు నిమిషాలు మైకు కావాలని అడిగింది. ఇస్తామన్నారు. ఏం మాట్లాడాలి బాబాయ్ అని నన్ను అడగలేదు. మస్కట్‌లో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ చేసి, తన పేరు స్టేజీ మీద చెప్పొచ్చా అని అడిగిందట.

ఆదివారం ఏం జరిగిందో వచ్చే భాగం మొదట్లో రాస్తాను. తర్వాత లంక భూములు.

బకాయి ఫీజుల అర్జీ నమూనా కావాల్సిన విద్యార్థులు కింద అడగండి, పంపిస్తాను. మీ పేటలో గల్ఫ్ డబ్బుతో చదువుకున్న మొదటి మనిషి ఎవరో, పంపిన ఆవిడ ఎవరో, ఆవిడ ఒప్పుకుంటేనే, నాకు రాయండి. ఆ లెక్క మనమే రాయాలి.

జై భీమ్.